శర శశి షట్క చంద్ర: ఆ పద్యంలో ఉన్న 641

పోయిన నెల మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పద్యం వచ్చింది. "శర శశి షట్క చంద్ర" అని మొదలయ్యే చంపకమాల. చదరంగం గళ్ళలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే పద్యం. గణితసార సంగ్రహం అనే సంస్కృత లెక్కల పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మీద ఇది ప్రచారంలో ఉంది. కింద వరసగా దండాలు, చప్పట్లు, "మన పూర్వీకుల మేధస్సు" అంటూ మెచ్చుకోళ్ళు.

చిన్నప్పుడు మా తాతయ్య ఈ పద్యాన్ని నాచేత పైకి చదివించేవాడు. ఆ అలవాటు కొద్దీ ఇప్పుడూ పైకే చదివాను. రెండో పాదంలో నాలుక ఆగిపోయింది. "ధర గగనాబ్ధి గిరి తర్క" అని ఉంది. మళ్ళీ చదివాను, మళ్ళీ అక్కడే ఆగింది. "గగనాబ్ధి వేద గిరి" అని ఉండాలి. ఎవరో టైప్ చేస్తూ "వేద" వదిలేశారు. చంపకమాల పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. అక్కడ పంతొమ్మిదే ఉన్నాయి. పంపినవాళ్ళూ గమనించలేదు, మెచ్చుకున్న నలభై మందీ గమనించలేదు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. నన్ను బాధ పెట్టింది ఆ ఒక్క మాట పోవడం కాదు. ఒక సంఖ్యను మోయడానికి కట్టిన పద్యాన్ని ఇంతమంది పంచుకున్నారు కదా, ఒక్కరు కూడా ఆ సంఖ్య ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడలేదే అని. ఈ పద్యం మనకి ఒక జెండా అయిపోయింది, ఎగరేస్తాం, దండం పెడతాం. కానీ అందులో ఉన్న సంఖ్య మనం ఎగరేసే జెండా కన్నా చాలా గొప్పది. దాన్ని విప్పి చూసుకోవడమే ఆ పద్యానికి మనం చేయగల మర్యాద అని నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ముందు పద్యం చెప్పే అంకెలు చూద్దాం. ఇవి భూతసంఖ్యలు, అంటే అంకెకి బదులు లోకంలో ఆ లెక్కన ఉండే వస్తువు పేరు చెప్పడం. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్కం 6. చంద్రుడు 1. మళ్ళీ శర 5, సాయకం కూడా బాణమే, 5. రంధ్రం 9, ఒంట్లో నవరంధ్రాలు కాబట్టి. వియత్తు అంటే ఆకాశం, 0. నగం కొండ, 7. అగ్ని 3. భూధరం మళ్ళీ కొండే, 7. గగనం 0. అబ్ధి 4, వేదం 4, గిరి 7, తర్కం 6, పయోనిధి 4, పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజరం 8, దిగ్గజాలు ఎనిమిది కదా. చివర తుహినాంశుడు, చంద్రుడే, 1. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి తిరగేసి రాసుకుంటే వచ్చేది ఇది:

18446744073709551615.

ఇరవై అంకెలు. లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లకు పైమాట. దీని గురించి మాట్లాడేవాళ్ళంతా సాధారణంగా ఇక్కడ బియ్యం తూకం మొదలుపెడతారు. వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుంటే మొత్తం 36,900 కోట్ల టన్నులు దాకా వస్తుంది. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకే. నిజమే, ఆశ్చర్యంగానే ఉంటుంది. కానీ "అబ్బో ఎంత పెద్దదో" అనేది ఏ పెద్ద సంఖ్య గురించైనా అనగలం. దీనికి మాత్రమే సొంతమైన గుణం ఏమిటి అన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న నా బుర్రలోకి తెచ్చింది మా అన్నయ్య కూతురు. తొమ్మిదో తరగతి. వేద పోయిన సంగతి చెప్పి, పద్యం సరిచేసి, అంకెలు వివరిస్తుంటే మధ్యలో ఆపింది. "సముద్రాలు ఏడు కదా బాబాయ్! అబ్ధి అంటే నాలుగని ఎందుకన్నావు?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే ఆమె అన్నది సబబే. నాలుగు దిక్కులా నాలుగు సముద్రాలు అనీ అంటాం, సప్త సముద్రాలు అనీ అంటాం. పద్యం మాట చెప్తుంది, ఆ మాటకి ఏ అంకె తీసుకోవాలో లెక్కే చెప్పాలి. అందరూ నాలుగనే అంటారమ్మా అని చెప్పి తప్పించుకోవచ్చు. అది తొమ్మిదో తరగతి పిల్లకి చెప్పే జవాబు కాదు.

సరే, పరీక్షిద్దాం అని కూర్చున్నాం. ఫోనులో కాలిక్యులేటర్ 1.8446744 పక్కన పదికి పంతొమ్మిదో ఘాతం అని చూపించి ఊరుకుంది. స్ప్రెడ్‌షీటులో వేస్తే 18446744073709600000 అంది, అంటే చివరి అంకెలను గుండ్రం చేసేసింది. పద్యంలో ఇరవై అంకెలూ ఉన్నాయి, నా చేతిలో ఉన్న రెండు పరికరాల్లోనూ లేవు. కాగితం తీసుకోక తప్పలేదు.

మొదట అంకెలన్నీ కూడాం: 87 వచ్చింది. 87 మూడుతో భాగించబడుతుంది కాబట్టి మొత్తం సంఖ్య కూడా భాగించబడుతుంది. వాట్సాప్‌లో వచ్చినట్టు ఒక నాలుగు పోతే మొత్తం 83, మూడుతో పోదు. అంటే ఆ తప్పును ఛందస్సు ఒకవైపు పట్టుకుంటుంది, మూడో ఎక్కం ఇంకోవైపు పట్టుకుంటుంది. కానీ మూడుతో పోవాలని మనకెలా తెలుసు? గళ్ళను రెండేసి చొప్పున జతకట్టండి. ఒకటీ రెండూ కలిపితే మూడు. నాలుగూ ఎనిమిదీ కలిపితే పన్నెండు. పదహారూ ముప్పైరెండూ కలిపితే నలభై ఎనిమిది. ప్రతి జతా మూడుకి గుణిజమే. అరవై నాలుగు గళ్ళు ముప్పైరెండు జతలు. కాబట్టి మొత్తం మూడుతో పోయి తీరాలి.

అయితే సముద్రాల సందేహం మూడుతో తీరదు. నాలుగు బదులు ఏడు పెడితే అంకెల మొత్తం 90 అవుతుంది, అదీ మూడుతో పోతుంది. పాప చూపు వాడిది, సరిగ్గా మూడు కళ్ళుగప్పే చోటే పట్టుకుంది.

అప్పుడు జతల బదులు ఎనిమిదేసి గళ్ళు తీసుకున్నాం. చదరంగంలో ఒక వరస. 1 నుంచి 128 దాకా కలిపితే 255. రెండో వరస దానికి 256 రెట్లు, మూడోది మళ్ళీ 256 రెట్లు. 255 అంటే 3×5×17. కాబట్టి మొత్తం 17తో పోవాలి. ఇరవై అంకెల్ని పదిహేడుతో భాగహారం చేయడం పది నిమిషాల పని. అబ్ధి నాలుగైతే భాగఫలం 1085102592571150095, శేషం సున్నా. అబ్ధి ఏడైతే శేషం 5. సందేహం తీరింది. పదిహేడు ఇంకా మంచి కాపలాదారు. ఇరవై అంకెల్లో ఏ ఒక్క అంకె తప్పు పడినా, ఏ రెండు పక్కపక్క వేర్వేరు అంకెలు తారుమారైనా పదిహేడు దగ్గర దొరికిపోతుంది. ఎందుకంటే ఆ తేడా ఒక చిన్న అంకెని పదులతో, మహా అయితే తొమ్మిదితో కూడా, గుణించిందే అవుతుంది. దానికి పదిహేడు పోదు.

ఇక్కడి నుంచి సంఖ్య దానంతట అదే విచ్చుకోవడం మొదలుపెట్టింది. గింజల మొత్తానికి ఒక్క గింజ కలిపితే 2⁶⁴ అవుతుంది, అంటే మన సంఖ్య 2⁶⁴−1. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న సూత్రమే: ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే అది (a−1)(a+1). 2⁶⁴ అనేది 2³² కి వర్గం కాబట్టి ముందు 2³²+1 ఊడి వస్తుంది. మిగిలిన 2³²−1 మళ్ళీ అదే రూపం. దాంట్లోంచి 2¹⁶+1, ఆ తరవాత 2⁸+1, 2⁴+1, 2²+1, 2+1. ఉల్లిపాయ పొరల్లా. చివరికి చేతిలో మిగిలేది 1. అంటే

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఎంత అందంగా ఉంది! ఆరు పొరలు, ఒక్కోటీ ముందున్న వాటన్నిటి లబ్ధం కన్నా సరిగ్గా రెండు ఎక్కువ. 3కి రెండు కలిపితే 5. 3×5కి రెండు కలిపితే 17. 3×5×17కి రెండు కలిపితే 257. కావాలంటే వేసి చూడండి.

ఈ పొరలకి పేరుంది, ఫెర్మా సంఖ్యలు. ఫ్రాన్సులో తులూజ్ నగరంలో న్యాయాధికారిగా పనిచేసిన పియెర్ ద ఫెర్మా 1640 ప్రాంతంలో వీటిని చూసి, ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అని తన నమ్మకాన్ని ఉత్తరాల్లో రాశాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఇవి ఊరికే పడి ఉన్నవి కావు. 1796లో పద్దెనిమిదేళ్ళ జర్మన్ గణితవేత్త గాస్ స్కేలూ వృత్తలేఖినితో పదిహేడు భుజాల సమబహుభుజి గీయవచ్చని చూపించింది 17 ఫెర్మా ప్రధాన సంఖ్య కావడం వల్లే. బ్యాంకు వెబ్‌సైట్ల భద్రతలో వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో బయటికి చెప్పే ఘాతంగా ఎక్కువగా కనిపించేది 65537.

ఆరోది, 4294967297, ఫెర్మా తప్పిన చోటు. నలభై రెండు వేల తొమ్మిది వందల నలభై తొమ్మిది లక్షల పైచిలుకు. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఒక ఉత్తరంలో ఫెర్మా మాటను మరో గణితవేత్త ఆయిలర్‌కి గుర్తు చేశాడు. 1732లో, పాతికేళ్ళ వయసులో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్ ఆ సంఖ్య 641తో పోతుందని చూపించాడు. 641 × 6700417.

ఇది గుడ్డిగా 2, 3, 5, 7 అంటూ భాగించుకుంటూ పోయి కొట్టింది కాదు. గింజల్ని ఏదో ఒక ప్రధాన సంఖ్య లెక్కన కుప్పలు పోస్తున్నామనుకోండి. ప్రతి గడిలోనూ కుప్పలు పోయగా మిగిలిన గింజల్నే చూద్దాం. ఆ ప్రధాన సంఖ్య 4294967297ని భాగిస్తే, 2³² గింజలున్న ముప్పైమూడో గడిలో మిగిలేవి సరిగ్గా కుప్పకి ఒకటి తక్కువ. 641తో చేస్తే 640. అక్కడి నుంచి ఇంకో ముప్పైరెండు గళ్ళు నడిస్తే మిగులు మళ్ళీ ఒకటికి వస్తుంది. అంటే మిగుళ్ళ చక్రం పొడవు 64, చదరంగం గళ్ళన్ని! ఫెర్మా స్వయంగా కనిపెట్టిన చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ చక్రం పొడవు, ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని భాగించాలి. కాబట్టి వెతకాల్సినవి 64తో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలే. 193, 257, 449, 577, 641. అయిదోదే జవాబు. తన తప్పును పట్టే పనిముట్టు ఫెర్మా చేతిలోనే ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా మనసుని కదిలించే విషయం ఇదే.

1878లో ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త 64 బదులు 128 పెట్టవచ్చని చూపించాడు. అప్పుడు 641 దాకా మిగిలేవి 257, 641 రెండే. (ఈ ల్యూకాయే 1883లో హనోయ్ టవర్ ఆట తెచ్చాడు. ఆ ఆటకి జత చేసిన కథలో కాశీలోని ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళలు ఉంటాయి. వాటిని మార్చడానికి పట్టే ఎత్తులు సరిగ్గా మన పద్యంలోని సంఖ్యే.)

641తో పోతుందని చెప్పడానికి భాగహారం కూడా అక్కర్లేని ఒక నిరూపణ ఉంది. మా పాపకి ఇది చెప్పినప్పుడు కళ్ళు మెరిశాయి, అందుకని పూర్తిగా రాస్తాను. 641ని రెండు రకాలుగా చూడండి. ఒకటి, 625+16, అంటే 5⁴+2⁴. రెండు, 640+1, ఆ 640 అంటే 5×2⁷. ఇప్పుడు మొదటి రూపాన్ని 2²⁸తో గుణిస్తే, 5⁴×2²⁸ అనేది (5×2⁷)⁴, అంటే 640⁴. 2⁴×2²⁸ అనేది 2³². కాబట్టి 640⁴+2³² అనేది 641 గుణిజం. ఇంకోపక్క 640⁴−1లో (640+1) ఒక కారణాంకం, కాబట్టి అదీ 641 గుణిజమే. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలేది 2³²+1. అంతే.

1812లో లండన్‌లో జీరా కోల్బర్న్ అనే ఎనిమిదేళ్ళ అమెరికా పిల్లవాడిని ఇదే సంఖ్య అడిగితే నోటి లెక్కతో 641 చెప్పాడట. ఎలా చేశావంటే చెప్పలేకపోయాడు. ఆ శక్తి గొప్పదే, కానీ నాకు పై నాలుగు వాక్యాల నిరూపణే ఎక్కువ ఇష్టం. అది ఎవరైనా నేర్చుకోగలిగింది.

6700417 ప్రధాన సంఖ్యే. కాబట్టి పద్యంలోని సంఖ్యకి పూర్తి విడదీత 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాదు. అందువల్ల దీనికి భాజకాలు 2⁷, అంటే 128. ఎనిమిదో గడిలోని గింజలన్ని.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న మాటకి వస్తాను. మల్లనకి 641 తెలుసని నేను అనడం లేదు. అలా అనడానికి ఏ ఆధారమూ లేదు. ఈ సంఖ్యను మొదట లెక్కగట్టింది మనమే అని కూడా అనను. క్రీ.శ. 1000 ప్రాంతంలో మధ్యాసియా పండితుడు అల్ బిరూనీ కూడా దీన్ని ఇరవై అంకెలతో సహా రాశాడు. ఫెర్మాకి అయిదారు వందల ఏళ్ళ ముందే మన పద్యంలో 641 ఉంది, కానీ ఎవరో పెట్టారని కాదు. ఆ సంఖ్య స్వభావమే అది. ఎవరు ఏ భాషలో రాసినా 641 అందులోనే ఉంటుంది. "మనవాళ్ళకి ముందే తెలుసు" అని రాసే ఫార్వర్డులు మల్లన గొప్పతనాన్ని పెంచడం లేదు, ఆయన చేసిన పనిని కప్పేస్తున్నాయి. ఆయన చేసిన పని ఏమిటి? ఇరవై అంకెల్ని తప్పు లేకుండా లెక్కగట్టి, ఒక అక్షరం జారినా చెవికి తెలిసిపోయేలా చంపకమాలలో బిగించడం. నా ఫోను చేయలేని పని.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ చంపకమాల కూడా చదరంగమే. ఛందశ్శాస్త్రంలో ఒక వృత్తం, అంటే ఒక పద్యపు నడక, వరసలో ఎన్నోదో కనుక్కోవడానికి ఉద్దిష్టం అనే పద్ధతి ఉంది. పాదంలోని అక్షరాల మీద వరసగా 1, 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ రాసి, లఘువుల మీద ఉన్నవాటిని కూడి, ఒకటి కలపాలి. అచ్చం గళ్ళలో గింజలే. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ" అనే పాదం మీద నేను వేసి చూశాను. మొత్తం 711599, ఒకటి కలిపితే 711600. ఇరవై ఒక్క అక్షరాల వృత్తాలు 2²¹ ఉండగా అందులో చంపకమాలది 711600వ స్థానం. గడుల్లో కొన్నిటిని తీసుకుని కొన్నిటిని వదిలేస్తే, సున్నా నుంచి 18446744073709551615 దాకా ప్రతి సంఖ్యా ఒకే ఒక్క విధంగా వస్తుంది. 1729 కావాలా? పదకొండు, పది, ఎనిమిది, ఏడు, ఒకటో గళ్ళు తీసుకోండి. గురులఘువులతో మన ఛందస్సు చేసేదీ, కంప్యూటరు 64 బిట్లతో చేసేదీ ఇదే. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడి సూత్రాల్లో కూడా వృత్తాల సంఖ్యను సగాలు చేసుకుంటూ, వర్గాలు వేసుకుంటూ లెక్కించే దారి ఉంది. ఆ దారిన 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తరవాత 2⁶⁴. ఆరే గుణకారాలు. ఆఖరిది మాత్రం నోటుబుక్కులో రెండు పేజీలు పట్టింది.

మన బళ్ళలో తెలుగు పీరియడులో ఈ పద్యం చెప్తే భూతసంఖ్యలతో ఆపేస్తారు, లెక్కల పీరియడులో ఈ పద్యం అసలు రాదు. రెండు గదుల మధ్య గోడ ఉంది. ఈ ఒక్క సంఖ్య ఆ గోడకి రెండు వైపులా ఉంది. భాజనీయత సూత్రాలు, వర్గాల భేదం, ఘాతాంకాలు, గణవిభజన, అన్నీ ఇందులో ఉన్నాయి. ఇరవై వేర్వేరు అభ్యాసాల బదులు ఈ ఒక్క సంఖ్యతో పిల్లల్ని ఒక వారం ఉండనివ్వమని నేను ఏ టీచరునైనా అడుగుతాను.

గ్రూపులో సరిచేసిన పద్యం పెట్టాను. కింద పదిహేడుతో చేసిన భాగహారం ఫొటో తీసి పెట్టాను, పాప చేతిరాతలోనే. ఇద్దరు మాత్రం తమ ఇంట్లో పిల్లల చేత మళ్ళీ చేయించి పంపారు. ఒకరికి శేషం వచ్చింది, మధ్యలో ఒక సున్నా మర్చిపోయారు.

పాప అడిగింది: "మన సంఖ్యకి కూడా రెండు కలిపితే ఏడో పొర వస్తుంది కదా బాబాయ్. అది ప్రధాన సంఖ్యా?"

18446744073709551617. మన సంఖ్య పొరలు పొరలుగా విడిపోయింది కానీ ఈ పక్కింటిది అలా లొంగదు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన తన ఎనభై రెండో ఏట దీన్ని విడదీశాడు: 274177 × 67280421310721. ఇది పాపకి చెప్పలేదు. దీనికి 256తో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలే చూడాలని మాత్రం చెప్పాను. తనే ఒక పట్టిక గీసుకుంది, రోజూ రాత్రి అన్నం తిన్నాక రెండో మూడో భాగహారాలు చేస్తోంది. నిన్నటికి 7681 దగ్గర ఉంది.